జర్మనీలో చదువు: మెన్సా పళ్లెం, వేగే వంటిల్లు, పిలిచిన ఇంటి మర్యాదలు

అక్టోబర్_ప్రయాణం:
నమస్తే అండి. ఈ వింటర్ సెమిస్టర్‌కి జర్మనీ వెళ్తున్నా. ముగ్గురు జర్మన్ విద్యార్థులు కలిసి అద్దెకుండే ఇంట్లో (వేగే అంటారట) గది ఖాయమైంది. అంటే వంటిల్లు నలుగురికీ ఒకటే. మాంసం, చేప, గుడ్డు తినను, మందు ముట్టను. మెన్సాలో, అంటే యూనివర్సిటీ క్యాంటీన్‌లో, ఏం చూసుకుని తినాలి? ఎవరైనా భోజనానికి పిలిస్తే ఎలా మసలుకోవాలి? పండగలప్పుడు ఏం చేస్తారు? "అక్కడ రొట్టె, సాసేజీ తప్ప ఏముంటాయి" లాంటి మాటలు చాలా విన్నా, అవి వద్దు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ముద్దపప్పు:
ముందు ఇది గుర్తుపెట్టుకోండి. అక్కడ "వెజిటారిష్" అంటే గుడ్డు ఉండొచ్చని అర్థం. ప్యాకెట్ మీద శాకాహారమని చెప్పే వీ-లేబుల్ గుర్తు చూసి మన పచ్చచుక్క లాంటిదే అనుకుంటే తప్పులో కాలేసినట్టే. గుడ్డు వద్దనుకుంటే "వెగాన్" అని రాసినది తీసుకుని, పాలు, పెరుగు, వెన్న విడిగా చేర్చుకోవడం తేలిక.

మెన్సాలో ప్రతి వంటకం పక్కన చిన్న అంకెలు, అక్షరాలు ఉంటాయి. ఈ గుర్తులు దేశమంతా ఒకేలా ఉండవు. కాబట్టి మీ మెన్సా గోడ మీదో యాప్‌లోనో ఉండే పట్టిక మొదటి రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇందులో ఒక మెలిక ఉంది. యూరోపియన్ యూనియన్ నిబంధన ప్రకారం తప్పనిసరిగా చెప్పాల్సిన అలర్జీ పదార్థాలు 14. గుడ్డు, పాలు, చేప, సోయా, ఆవాలు, నువ్వులు అందులో ఉన్నాయి. పంది, గొడ్డు, కోడి లేవు. "అలర్జీ అక్షరాల్లో ఏమీ కనపడలేదు, కాబట్టి శాకాహారమే" అనుకునేవాళ్లు అక్కడే దెబ్బతింటారు. గుడ్డు ఉందో లేదో అలర్జీ అక్షరాల్లో చూడాలి, మాంసం సంగతి పంది, ఆవు, కోడి బొమ్మల్లోనో విడి గుర్తుల్లోనో చూడాలి. రెండూ చూస్తేనే పని అవుతుంది.

ఉప్పుకారం:
ముద్దపప్పు గారు చెప్పింది నిజం. అసలు వంటకం కన్నా పక్కన వడ్డించే వాటితోనే ఎక్కువ చిక్కు. పేరు చూస్తే కూరగాయే, లోపల కొవ్వు.

ఎర్ర క్యాబేజీ, సావర్‌క్రౌట్ (పులియబెట్టిన క్యాబేజీ) వండేటప్పుడు పంది కొవ్వు వేయడం పాత పద్ధతి. దాన్ని ష్మాల్ట్స్ అంటారు. వేయించిన బంగాళాదుంపల్లో ష్పెక్ అనే ఉప్పు పట్టించిన పంది మాంసపు ముక్కలు వస్తాయి. బంగాళాదుంప సలాడ్ జర్మనీ ఉత్తరాదిలో మయోనైజ్‌తో చేస్తారు, అందులో గుడ్డు. దక్షిణాదిలో వేడి మాంసపు రసం, వెనిగర్, నూనెతో చేస్తారు, ఆ రసాన్నే ఫ్లైష్‌బ్రూయె అంటారు. అంటే ఏ వైపు వెళ్లినా మీకు కుదరదు, చేసినవాళ్లని అడగాల్సిందే. పప్పు సూపులో సాసేజీ ముక్క మామూలే. బ్రెట్సెల్ (ముడి వేసినట్టుండే రొట్టె) పిండిలో కొందరు బేకరీవాళ్లు వెన్న వేస్తారు, కొందరు ష్మాల్ట్స్ వేస్తారు. "ఇస్ట్ డా ష్మాల్ట్స్ డ్రిన్?" అని అడిగితే చెబుతారు.

"మాంసం లేకుండా ఇవ్వండి" అని మాత్రం అడగకండి. "ఓనె ఫ్లైష్" అంటే కొందరి దృష్టిలో మాంసం ముక్కలు తీసేయడమే, రసం అలాగే ఉంటుంది. ష్పెక్, ష్మాల్ట్స్, బ్రూయె అని ఒక్కొక్కటీ పేరు పెట్టి అడగాలి.

రైన్_గట్టు:
సూపర్‌మార్కెట్ లేబుళ్ల సంగతి నేను చెబుతా. పదార్థాల జాబితాను "త్సుటాటెన్" అంటారు. అక్కడ వెతకాల్సిన మాటలు: ష్వైన్ అంటే పంది, రిండ్ అంటే గొడ్డు, గెఫ్ల్యూగెల్ అంటే కోడి జాతి, ఆయ్ అంటే గుడ్డు, జెలటీనె అంటే జెలటిన్, జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. గమ్మీ బేర్ మిఠాయిల్లోనే కాదు, మూస్ డెసర్టుల్లో, క్రీమ్ కేకుల్లో, కొన్ని రకాల పెరుగు డెసర్టుల్లో కూడా జెలటిన్ ఉంటుంది. పెక్టిన్, అగర్ అని ఉంటే మొక్కల నుంచి వచ్చినవే. "E 120" అని ఉంటే కార్మైన్, పురుగుల నుంచి తీసిన ఎరుపు రంగు. "E 471" (నూనె, నీళ్లు విడిపోకుండా కలిపేది) మొక్కల నుంచీ రావచ్చు, జంతువుల నుంచీ రావచ్చు, లేబుల్ మీద తేలదు.

లేబుల్ మీద కనపడని సంగతి ఇంకోటి. తేటగా మెరిసే యాపిల్ రసాన్ని వడకట్టడానికి జెలటిన్ వాడి ఉండొచ్చు. తయారీలో వాడి తీసేసింది కాబట్టి రాయాల్సిన అవసరం లేదు. "నాటూర్‌ట్ర్యూబ్" అని ఉండే మబ్బు రంగు రసం తీసుకుంటే ఆ గొడవ ఉండదు. రుచి కూడా అదే బాగుంటుంది.

చీజ్ విషయంలో "లాబ్" అనే మాట చూడండి. దూడ పొట్ట నుంచి తీసే ఎంజైమ్ అది. "మిక్రోబియెల్లెస్ లాబ్" అని ఉంటే జంతువుది కాదు. పార్మిజానో రెజ్జానో, గ్రానా పడానో, గ్రూయేర్ చీజ్‌లకు జంతు లాబ్ వాడాలన్నది వాటి తయారీ నియమాల్లోనే ఉంది. జంతు లాబ్ వద్దనుకునేవాళ్లు ఆ చీజ్‌లు ముట్టకూడదు.

చలిచీమ:
నిజం చెప్పాలంటే లేబుల్ చదవడం రెండు వారాల్లో వచ్చేస్తుంది. అలవాటు కానిది సాయంత్రం చల్లటి భోజనం. ఆబెంట్‌బ్రోట్ అంటారు. మధ్యాహ్నం వేడిగా తిని, సాయంత్రం ఆరు ఏడు మధ్య రొట్టె, వెన్న, చీజ్, దోసకాయ ఊరగాయ, కోసిన కూరగాయలతో సరిపెడతారు. మన వాళ్లకి ఇది టిఫిన్‌లా కూడా అనిపించదు. వేగేలో "సాయంత్రం కలిసి తిందాం" అంటే పెద్ద వంట ఉంటుందని ఊహించుకుని కడుపు మాడ్చుకుని వెళ్లకండి.

అక్కడి నల్లటి రై (గోధుమ లాంటి ధాన్యం) రొట్టె పుల్లగా ఎందుకుంటుందని చాలామంది అడుగుతారు. పాడైపోయి కాదు. రై పిండిలో పిండిపదార్థాన్ని కరిగించే ఎంజైములు ఎక్కువ. పులిసిన పిండిలోని ఆమ్లం వాటిని అదుపు చేస్తుంది, లేకపోతే రొట్టె లోపల బంకబంకగా అయిపోతుంది. తినే పద్ధతి: అర సెంటీమీటరు మందాన ముక్క, పైన అంచుదాకా వెన్న, ఆపైన మిగతావి. మందంగా కోసి ఉత్తదే నమిలితే ఎవరికైనా దవడ నొప్పే. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, బయటకన్నా త్వరగా బిరుసెక్కుతుంది. ముక్కలు కోసి ఫ్రీజర్‌లో వేసి, కావలసినప్పుడు టోస్టర్‌లో పెట్టుకోండి.

బేకరీల్లో, పార్టీల్లో గులాబి రంగు ముద్ద పూసి పైన ఉల్లిపాయ చల్లిన బన్ను కనపడుతుంది. అది మెట్, అంటే పచ్చి పంది కీమా. టమాటా పచ్చడో మరేదో అనుకుని తీసుకోకండి.

ముద్దపప్పు:
పెరుగు, పిండి సంగతి కూడా చెప్పేద్దాం. పెరుగన్నానికి "నాటూర్‌యోగుర్ట్" 3.5 శాతం కొవ్వు ఉన్నది కొనండి. "మిల్డ్" అని రాసి ఉంటే పులుపు తక్కువ. బుటర్‌మిల్ష్ మన చిక్కటి పుల్ల మజ్జిగలా ఉంటుంది, మజ్జిగ పులుసుకి బాగా కుదురుతుంది. అయితే సన్న మంట మీద, కొంచెం శనగపిండి కలిపి కాచాలి, లేకపోతే విరుగుతుంది. క్వార్క్ అంటే నీళ్లు ఓడ్చిన పెరుగుకి దగ్గర. పెరుగు అనుకుని అన్నంలో కలిపితే సుద్దలా గొంతుకు అడ్డం పడుతుంది.

గోధుమపిండి ప్యాకెట్ మీద టైప్ అంకె ఉంటుంది. 100 గ్రాముల పిండిని కాలిస్తే మిగిలే బూడిద ఎన్ని మిల్లీగ్రాములో ఆ అంకె చెబుతుంది. అంకె పెరిగేకొద్దీ పొట్టు ఎక్కువ. 405 మన మైదా లాంటిది, చపాతీ చేస్తే చల్లారాక తోలులా సాగుతుంది. ఫోల్‌కోర్న్, అంటే పొట్టుతో సహా ఆడించిన పిండి, ముతక, ఒత్తేటప్పుడు అంచులు విరుగుతాయి. టైప్ 1050 ఒక్కటే వాడినా చపాతీ వస్తుంది. అది దొరకకపోతే 550 సగం, ఫోల్‌కోర్న్ సగం కలిపి, గోరువెచ్చని నీళ్లతో మెత్తగా తడిపి అరగంట నాననివ్వండి. ఆ అరగంట ఎగ్గొడితేనే అప్పడాలు అవుతాయి.

నాలుగో_అంతస్తు:
ఇక వంటింటి గొడవలు. వేగేల్లో మనస్పర్థలు వచ్చేది తిండి రకం వల్ల కాదు. పొగ, వాసన, చప్పుడు, చెత్త, ఈ నాలుగింటి వల్ల.

పోపు: నూనె బాగా కాగాక ఎండుమిర్చి వేస్తే ఇల్లంతా దగ్గే. నూనె గోరువెచ్చగా ఉండగానే ఆవాలు వేసి, మూత పెట్టి, చిటపటలు ఆగాక పొయ్యి ఆపి మిర్చి, కరివేపాకు వేయండి. గాజు పలక ఉన్న కరెంటు పొయ్యి ఆపేసినా కొన్ని నిమిషాలు వేడి వదలదు, కాబట్టి గిన్నె పక్కకి తీసేయాలి. పొగ వస్తే కిటికీ తెరవండి, వంటింటి తలుపు మాత్రం మూసే ఉంచండి. హాలు వైపు తలుపు తెరిస్తే అక్కడి పొగ అలారం మోగుతుంది. ఇళ్లలో పడకగదులకి, నడవాలకి అలారాలు తప్పనిసరి. కొన్ని హాస్టళ్లలో ఇవి నేరుగా ఫైర్ స్టేషన్‌కి కలిపి ఉంటాయి, ఊరికే మోగితే ఆ ఖర్చు మీ నెత్తిన పడొచ్చు.

వాసన: రోజుకి రెండు మూడు సార్లు కిటికీలు పూర్తిగా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు ఉంచి మూసేయాలి. దీన్ని ష్టోస్‌ల్యూఫ్టెన్ అంటారు. చలికాలంలో కిటికీని కొంచెం వాల్చి గంటల తరబడి వదిలేస్తే గోడ చల్లబడి, అన్నం వండిన ఆవిరి అక్కడ చెమ్మగా చేరి బూజు పడుతుంది. అద్దె ఒప్పందాల్లో గాలి ఆడించడం గురించి ఒక పేరా కనపడితే నవ్వుకోకండి, డిపాజిట్ వెనక్కి వచ్చేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

చప్పుడు: రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం. ఆదివారాలు, సెలవు రోజులు రోజంతా. ఆదివారం పొద్దున్నే మిక్సీలో ఇడ్లీ పిండి రుబ్బితే కింది ఇంటివాళ్లు తలుపు కొడతారు. శనివారం సాయంత్రమే రుబ్బేయండి, చలికి పులియడానికి ఎలాగూ ఆ సమయం కావాలి.

చెత్త: కాగితం, ప్యాకేజింగ్, తడి చెత్త, మిగతావి వేర్వేరు డబ్బాలు. గాజు సీసాలు రంగును బట్టి తెలుపు, ఆకుపచ్చ, గోధుమ. నీలం లాంటి వేరే రంగు సీసా ఆకుపచ్చలోకి. వాటిని కూడా ఆదివారం వేయకూడదు. వేయించిన నూనె సింకులో పోయొద్దు, సీసాలో పోసి మూత బిగించి మిగతా చెత్తలో వేయండి.

ఉప్పుకారం:
డిపాజిట్ సీసాలు మర్చిపోయారు, అంటే కొనేటప్పుడు అదనంగా కట్టి, ఖాళీది తిరిగిస్తే ఆ డబ్బు వెనక్కి వచ్చేవి. ఒకసారి వాడి పడేసే ప్లాస్టిక్ సీసా, డ్రింకు డబ్బా ఒక్కోదానికి 25 సెంట్లు, మామూలు బీరు సీసాకి 8 సెంట్లు. సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే రసీదు వస్తుంది, కౌంటర్‌లో చూపిస్తే డబ్బులు. నలిపేస్తే యంత్రం చదవలేదు. వేగేలో వంటింటి మూల సీసాల గుట్ట కనపడితే చెత్త అనుకుని పారేయకండి. అవి డబ్బులు.

అక్టోబర్_ప్రయాణం:
చాలా థాంక్స్ అందరికీ. పిలుపుల గురించి కూడా చెప్పరూ? వద్దంటే బాధపడతారా?

ఆవకాయ_జాడీ:
ఇక్కడే మన అలవాటు అడ్డం వస్తుంది తమ్ముడూ. మన దగ్గర మొదటిసారి "వద్దండి" అనడం మర్యాద, రెండోసారి బతిమాలడం ఇంటివాళ్ల మర్యాద. అక్కడ కొసరి కొసరి వడ్డించడం ఉండదు. వద్దంటే వద్దనే అర్థం, మళ్లీ అడగరు. అంతకన్నా పెద్ద మెలిక "డాంకె". ఇంకొంచెం కావాలా అని అడిగినప్పుడు ఉత్త "డాంకె" అంటే "వద్దు, థాంక్స్" అని అర్థం. కావాలంటే "యా, గెర్న్" అనాలి. మొహమాటపడి డాంకె అన్నవాడు ఆకలితో ఇంటికి వెళ్తాడు.

పిలుపు వచ్చిన రోజే మీరేం తినరో చెప్పండి, భోజనాల బల్ల దగ్గర కాదు. "నేను మాంసం, చేప, గుడ్డు తినను, పాలు, చీజ్ తింటాను" అని తినేవి కూడా చెబితే వండేవాళ్లకి సులువు. "నేనేమైనా తేనా?" అని అడగండి. సలాడ్ తెమ్మంటే నిజంగానే తేవాలి, దాని మీదే లెక్క వేసుకుంటారు.

7 గంటలంటే 7 గంటలే. 5 నిమిషాలు ఆలస్యమైతే ఫర్వాలేదు. పావుగంట దాటుతుందంటే మెసేజ్ పెట్టండి. ముందుగా వెళ్లడమూ బాగోదు, వాళ్లింకా సర్దుకుంటుంటారు. పూలు తీసుకెళ్తే కాగితం చుట్ట తీసి ఇవ్వడం పద్ధతి. ఎర్ర గులాబీలు ప్రేమకి, తెల్ల లిల్లీలు, చామంతులు చావుకి. ఈ రెండూ తప్పిస్తే చాలు.

అందరికీ వడ్డించి "గూటెన్ ఆపెటిట్" అనేదాకా మొదలుపెట్టరు. ఫోర్కు ఎడమ చేత, కత్తి కుడి చేత. ఖాళీగా ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకోరు, మణికట్టు బల్ల అంచున ఆనిస్తారు. తినడం అయిపోతే కత్తి, ఫోర్కు పక్కపక్కన కుడివైపుకి వాల్చి పెట్టాలి. దూరం దూరంగా పెడితే ఇంకా తింటున్నారని. గ్లాసులు తగిలించేటప్పుడు ఒక్కొక్కరి కళ్లలోకి చూడాలి, చూడకపోతే గోల చేస్తారు. మందు తాగకపోతే "ఇష్ ట్రింకె కైనెన్ ఆల్కొహోల్" అంటే చాలు, కారణం అడగరు. యాపిల్ రసంలో సోడా కలిపిన ఆప్ఫెల్‌షోర్లె తీసుకుని అందరితో పాటే గ్లాసు ఎత్తొచ్చు.

హోటల్‌కి "భోజనానికి వెళ్దామా" అంటే ఎవరి బిల్లు వాళ్లది. "ఇష్ లాడె డిష్ ఐన్" అంటేనే వాళ్లు కడుతున్నట్టు. టిప్పు బల్ల మీద వదిలేయడం కాదు, కట్టేటప్పుడే మొత్తం చెప్పాలి. బిల్లు 18.40 యూరోలు అయితే "20" అనండి, అంతే.

చలిచీమ:
ఆల్కహాల్ అంటే గుర్తొచ్చింది. గ్లాసులోనే కాదు, కేకులో కూడా ఉంటుంది. బ్లాక్ ఫారెస్ట్ కేకులో చెర్రీ సారాయి కలపడం అసలు పద్ధతి. క్రిస్మస్‌కి చేసే ష్టోలెన్ అనే రొట్టె లాంటి కేకులో కిస్‌మిస్‌లను తరచుగా రమ్ములో నానబెడతారు. చాక్లెట్ డబ్బా వెనక "ఆల్కొహోల్" అనే మాట చూసుకోండి.

ఇక పుట్టినరోజు. ముందు రోజు శుభాకాంక్షలు చెప్పకూడదు, అపశకునంగా భావిస్తారు. ఆలస్యంగా చెబితే తప్పులేదు. కేకు తెచ్చేది స్నేహితులు కాదు, పుట్టినరోజు ఎవరిదో వాళ్లే. మీ పుట్టినరోజున ల్యాబ్‌లో అందరూ మీ వైపు చూస్తుంటే అందుకే.

రైన్_గట్టు:
పండగలు. నవంబర్ 11న 11 గంటల 11 నిమిషాలకి కార్నివాల్ సీజన్ మొదలవుతుంది, అసలు సందడి ఫిబ్రవరి, మార్చిల్లో. రైన్ ఊళ్లలో చదివేవాళ్లు రెండు విషయాలు తెలుసుకోవాలి. కొలోన్‌లో "అలాఫ్" అని అరవాలి, డ్యూసెల్‌డార్ఫ్, మైంజ్‌లలో "హేలావ్". తారుమారు చేస్తే ఊరికి అవమానం చేసినట్టు చూస్తారు, నవ్వుతూనే అనుకోండి. లెంట్‌కి (ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాసాల కాలం) ముందు గురువారం ఆడవాళ్లు మగవాళ్ల టైలు కత్తిరిస్తారు, ఆ రోజు మంచి టై కట్టుకోకండి. ఊరేగింపు బండ్ల మీంచి విసిరే మిఠాయిల్లో జెలటిన్ ఉన్నవి చాలానే ఉంటాయి.

డిసెంబర్ 5 రాత్రి శుభ్రం చేసిన బూట్లు గుమ్మం బయట పెడితే, 6న పొద్దున్నే అందులో చాక్లెట్లు, గింజలు ఉంటాయి. అది నికొలావ్స్, అంటే సెయింట్ నికొలస్ పండగ. వేగేలో ఎవరైనా మీ బూటులో ఏదో పెడితే పరాచికం కాదు. విష్టెల్న్ అని చీటీలు తీసి రహస్యంగా కానుకలిచ్చే ఆట కూడా ఆ నెలలోనే. ముందే అనుకున్న మొత్తం దాటి కొనొద్దు, మిగతావాళ్లకి ఇబ్బంది.

డిసెంబర్ 24న మధ్యాహ్నం 2 గంటలకల్లా దుకాణాలు మూసేస్తారు. 25, 26 సెలవు. 2026లో 27 ఆదివారం, అంటే మూడు రోజులన్నర ఏమీ దొరకదు. పెద్ద రైల్వే స్టేషన్లలో కొన్ని దుకాణాలే దిక్కు. మెన్సా కూడా మూతే. పాలు, కూరగాయలు 23కే తెచ్చుకోండి.

కొత్త సంవత్సరం రాత్రి చాలా ఇళ్లలో రాక్లెట్ పెడతారు. బల్ల మధ్యలో కరెంటు గ్రిల్, కింద ఎవరి చిన్న పెనం వాళ్లది. ఉడికించిన దుంపలు, కూరగాయలు, పైన చీజ్ వేసి కరిగించుకోవడం. మీలాంటివాళ్లకి ఇంతకన్నా అనువైన విందు లేదు, పెనం మీ చేతిలోనే ఉంటుంది కాబట్టి. పై పలక మీద మాంసం వేయిస్తారు, అందులో సగం కూరగాయలకి విడిచిపెట్టమని మొదలుపెట్టకముందే అడగండి. మధ్యలో అడిగితే అప్పటికే కొవ్వు పారి ఉంటుంది.

ముద్దపప్పు:
ఏప్రిల్ మధ్య నుంచి జూన్ 24 దాకా తెల్ల ఆస్పరాగస్ పిచ్చి పడుతుంది జనానికి. ష్పార్గెల్ అంటారు. మొన దిగువ నుంచి కిందికి చెక్కు తీసి, అడుగున రెండు సెంటీమీటర్లు కోసేసి, ఉప్పు, చిటికెడు పంచదార, కొంచెం వెన్న వేసిన నీళ్లలో 10 నుంచి 15 నిమిషాలు. చెక్కు సరిగా తీయకపోతే పీచు నోట్లో మిగులుతుంది. పైన పోసే హోలండేజ్ సాస్‌లో గుడ్డు సొన ఉంటుంది. "కరిగించిన వెన్నతో" అని అడగండి, అదీ సంప్రదాయమే.

నాలుగో_అంతస్తు:
ఎవరూ చెప్పడం లేదు కాబట్టి నేనే చెప్తా: సౌనా, అంటే చెమట పట్టేలా కూర్చునే వేడి చెక్క గది. యూనివర్సిటీ క్రీడా కేంద్రంలోనో, ఊరి ఈతకొలనులోనో ఉంటుంది. మామూలుగా బట్టలు లేకుండానే, ఆడ, మగ కలిసే. ఈత దుస్తులతో వెళ్తే బయటికి పంపేస్తారు. ఇష్టం లేకపోతే వద్దనండి, ఎవరూ ఏమీ అనుకోరు. ఆడవాళ్లకి విడిగా రోజులు ఉంటాయి, బోర్డు చూడండి. వెళ్తే ముందు స్నానం చేసి తుడుచుకోవాలి, పెద్ద తువ్వాలు పరుచుకుని పాదాలతో సహా దాని మీదే ఉండాలి, చెమట చెక్కకి అంటకూడదు. 8 నుంచి 12 నిమిషాలు చాలు. వేడి రాళ్ల మీద నీళ్లు పోసే ఔఫ్‌గుస్ నడుస్తుండగా తలుపు తీయకూడదు.

అక్టోబర్_ప్రయాణం:
ఆఖరి ప్రశ్న. మిక్సీ, కుక్కర్ తేవాలా? 23 కిలోలే ఇచ్చారు.

ఆవకాయ_జాడీ:
మిక్సీ తెచ్చుకో, చిన్న జాడీలు రెండు చాలు. అక్కడా 230 వోల్టులు, 50 హెర్ట్జే, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. మన మూడు పుల్లల ప్లగ్ మాత్రం పట్టదు, ఎర్త్ ఉన్న అడాప్టర్ కొను. కుక్కర్ కొనేముందు వేగేవాళ్లని పొయ్యి ఇండక్షనా కాదా అడుగు. ఇండక్షన్ అయితే అల్యూమినియం కుక్కర్ దండగ. అడుగున అయస్కాంతం అంటుకునే స్టీలు కుక్కరే, మూడు లీటర్లది. ఈల వేసినప్పుడు మొదటిసారి ఇంట్లోవాళ్లు హడలిపోతారు, ముందే చెప్పి పెట్టు.

చలిచీమ:
కుక్కర్ రబ్బరు రింగు, సేఫ్టీ వాల్వు ఒక్కోటి అదనంగా పెట్టుకోండి. మన కుక్కర్ల కొలతలవి అక్కడి దుకాణాల్లో దొరకడం కష్టం.